మా వంశంలో షుగర్ లేదు

మా వంశంలో షుగర్ లేదని మేము చెప్పుకునే తీరు చూస్తే, ఆ మేరకు మాకెవరో తామ్రపత్రం రాసిచ్చారేమో అనిపిస్తుంది. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఎకరాల సంగతి అయ్యాక, పిల్లల చదువుల ఊసు ఎత్తకముందు, మా పెదనాన్న గొంతు సవరించుకుని, "మాకాడ షుగరూ బీపీలూ లేవండీ" అనేవాడు. అవతలివాళ్ళు గౌరవంగా తలలూపేవాళ్ళు.

మా నాన్న యాభై ఎనిమిదేళ్ళకే పోయాడు. మిరపచేలో కాలికి ముల్లు గుచ్చుకుంది. నెలలు గడిచినా పుండు మానలేదు. ముందు బొటనవేలు తీశారు, ఆ తర్వాత పాదం తీశారు, ఏడాది తిరగకముందే మనిషే లేకుండా పోయాడు. ముల్లు విషం అని ఊరు తేల్చింది. మా మేనత్తకి చూపు పోయింది. అది ఎండదెబ్బ. మా బాబాయికి కిడ్నీలు పాడయ్యాయి. అది పల్నాటి నీళ్ళ మహిమ. ఇన్ని రకాలుగా పోయారు గానీ, మావాళ్ళలో షుగరుతో మాత్రం ఒక్కరూ పోలేదు. ఎందుకంటే ఒక్కరూ పరీక్ష చేయించుకోలేదు.

ఇందులోంచి నన్ను మినహాయించకండి. నేను బయాలజీ మాస్టార్ని. నరసరావుపేటలో కాపురం, పన్నెండు కిలోమీటర్ల అవతల ప్రభుత్వ హైస్కూల్లో ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా పదో తరగతి పిల్లలకి ఇన్సులిన్ గురించి చెబుతున్నాను. కణానికి తాళం, ఇన్సులిన్ తాళంచెవి అని చెబుతాను, పిల్లలు రాసుకుంటారు. పాఠం అయిపోయాక స్టాఫ్‌రూముకి వెళ్ళి రెండు చెంచాల పంచదార వేసిన టీ తాగుతాను. రోజుకి ఐదు టీలు. మా ఇంటి నుంచి పాలబూత్ నూటయాభై అడుగులు. అక్కడికి బండి మీద వెళ్ళేవాణ్ణి. స్టార్ట్ చేసి స్టాండ్ తీసేలోపు నడిచి వెళ్ళినవాడు పాలు తీసుకుని వెనక్కి వచ్చేవాడు, అయినా సరే.

నా ఒంట్లో ఏదో తేడా ఉందని మొట్టమొదట చెప్పింది డాక్టరు కాదు, దర్జీ. మా వీధి చివర ఆయన దుకాణం. పెళ్ళికాక ముందు నుంచీ నా బట్టలు కుట్టేది ఆయనే. నేను భాయ్ అంటాను, ఆయన మాస్టారూ అంటాడు. రెండేళ్ళ క్రితం మా హెడ్మాస్టరు రిటైరవుతుంటే ఫంక్షన్‌కి ప్యాంటు కుట్టించుకుందామని వెళ్ళాను. టేపు నడుం చుట్టూ తిప్పి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "నలభై" అన్నాడు.

"ముప్పై ఆరు కదా భాయ్ నాది?"

"అది ఎప్పటి మాట మాస్టారూ."

"నీ టేపు సాగిపోయుంటది. పాతదైంది."

"టేపు పాతదే. నడుమే కొత్తది."

అక్కడ ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళు నవ్వలేదు, నవ్వు ఆపుకున్నారు, అది ఇంకా అవమానం. భాయ్ కొలతల పుస్తకం తీసి వెనక్కి తిప్పాడు. పెళ్ళినాటికి ముప్పై. మా పెద్దమ్మాయి పుట్టేనాటికి ముప్పై రెండు. ఆ తర్వాత ప్రతి రెండు మూడేళ్ళకీ రెండించీలు.

"చేతులు మారలా, తొడలు మారలా, భుజం మారలా. పొట్టొక్కటే పెరిగింది. నాకూ ఇట్టాగే మొదలైంది మాస్టారూ. ఇప్పుడు పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఓసారి రక్తం చూపించుకోండి, ఏం పోద్ది?"

ఇంటికొచ్చి, "బొత్తాలు కుట్టేవాడు నాకు బయాలజీ చెబుతున్నాడు" అన్నాను మా ఆవిడతో.

"ఆయన కొలిచి చెప్పాడు. మీరు కొలవకుండానే చెబుతున్నారు" అంది తను, చపాతీ పిండి కలుపుతూ.

సన్నటి కాళ్ళు, సన్నటి చేతులు, మధ్యలో కుండ. మన మగవాళ్ళకి అన్నిటికంటే ప్రమాదకరమైన ఆకారం ఇదేనని తర్వాత తెలిసింది. తూకం వేస్తే పెద్దగా బరువుండరు. కానీ పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు ఇన్సులిన్‌ని దాని పని చెయ్యనివ్వదు. మగవాడి నడుము తొంభై సెంటీమీటర్లు, ఆడమనిషిది ఎనభై దాటితే జాగ్రత్తపడమంటారు. నాది నూటొకటి దాటింది. నేను దాన్ని అప్పట్లో హోదా అనుకున్నాను. ప్యాంటు మాత్రం నలభైకే కుట్టించుకున్నాను.

ఆ ఏడాదే గ్రామ సచివాలయం నుంచి నర్సమ్మ, అదే ఏఎన్ఎం, మా స్కూలుకి వచ్చింది. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగర్ చూస్తారట. పాతికేళ్ళ పిల్ల, చేతిలో ట్యాబ్, భుజాన సంచి. ఆమెని చూడగానే మా లెక్కల మాస్టారు ఆఫీసు రూములో రిజిస్టరేదో మర్చిపోయానంటూ వెళ్ళి, ఆమె గేటు దాటేదాకా తిరిగి రాలేదు. ఆ రోజే తెలుగు మేడం మనవడు పుట్టాడని సున్నుండలు తెచ్చింది. నేను రెండోది నములుతూ ఏఎన్ఎం ముందు కూర్చున్నాను.

"రోజూ ఎంతసేపు నడుస్తారు సార్?"

"రోజంతా నిలబడే ఉంటానమ్మా."

"నిలబడటం కాదు సార్, నడవటం."

"బ్లాక్‌బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాగా."

ఆమె ట్యాబ్‌లో 'లేదు' అని నొక్కింది. "అమ్మానాన్నలకి గానీ, తోడబుట్టినోళ్ళకి గానీ షుగర్ ఉందా?"

"మా వంశంలో లేదు" అన్నాను. అని ఊరుకుంటే సరిపోయేది. మాస్టారి నోరు కదా, ఒక వివరం కలిపాను. "మా చెల్లికి కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది. కానుపు కాగానే పోయింది."

ఆమె వేలు ట్యాబ్ మీద ఆగింది. "పోయిందని పరీక్ష చేసి చెప్పారా సార్?"

"పరీక్ష ఎందుకమ్మా? మాయలో తయారయ్యే హార్మోన్ల వల్ల వస్తది అది. మాయ బయటికొచ్చాక ఇంకేముంది?"

"తర్వాత ఎప్పుడన్నా చూపించుకున్నారా?"

"లేదు."

"ఎన్నేళ్ళయింది?"

"పదకొండో, పన్నెండో."

"అయ్యో, ఏడాదికొకసారన్నా చూపించుకోవాల సార్. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినోళ్ళకి తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం చానా ఎక్కువ. ఇయ్యాలే ఫోన్ చేసి చెప్పండి."

అలాగేనమ్మా అన్నాను. ఆమె నా వేలు పొడిచి, రీడింగ్ చూసి, సున్నుండ తిన్నాక ఇది లెక్కకి రాదు, పరగడుపున చేయించుకోండి అని చీటీ రాసిచ్చింది. ఆ సాయంత్రం నేను చెల్లికి ఫోన్ చేశాను. మేనకోడలికి స్కూల్లో ఏ ర్యాంకు వచ్చిందో అడిగాను. షుగర్ మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెబుతాను, దానికి ముందు నా సంగతి ముగించాలి.

పరగడుపున నూట పదహారు వచ్చింది. పెళ్ళిలో చదివింపులు రాసినట్టు ల్యాబ్ కాగితం మీద ఆ అంకె చూసి నవ్వుకున్నాను కూడా. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో ఆరు పాయింట్ ఒకటి, ఐదు పాయింట్ ఏడు లోపుండాలట. దాన్ని పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మెల్లగా చెబుతుంది, అది ఇంకా గట్టిగా తగులుతుంది.

"ఇంకా రాలేదు మీకు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతోంది."

"అంటే లేనట్టేగా డాక్టరుగారూ?"

"చుట్టం గుమ్మంలో ఉంటే రానట్టా?"

"మా వంశంలో ఎవరికీ..."

"మీ నాన్నగారు ఉన్నారా?"

లేడన్నాను. ఎలా పోయాడని అడిగింది. ముల్లు గురించి చెప్పాను. పుండు ఎన్నాళ్ళు మానలేదని అడిగింది. వేలు, ఆ తర్వాత పాదం సంగతి చెప్పాను. చెబుతూ ఉంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఆమె పెన్ను కింద పెట్టింది.

"మీరు మాస్టారు కదా. ఏ సబ్జెక్టు?"

"బయాలజీ."

"పిల్లలు పాసవుతున్నారా?"

మందులు రాయమన్నాను. ఇప్పుడు మందులక్కర్లేదు, కాళ్ళున్నాయి కదా అంది. వారంలో ఐదారు రోజులు, మాటలు కొద్దిగా ఆయాసంగా వచ్చేంత వేగంతో అరగంట నడవమంది. ఐదు కిలోలు తగ్గమంది. కంచంలో సగం కూర ఉండాలి, అన్నం పావు వంతు దాటకూడదు అంది. టీలో పంచదార మానెయ్యమంది. సిగరెట్ ఉందా అని అడిగింది, లేదంటే మొదటిసారి సంతోషించింది. ఇప్పుడు చేస్తే ఇది ఆగుతుంది, చాలామందికి వెనక్కి కూడా పోతుంది, చెయ్యకపోతే కొన్నేళ్ళలో లోపలికి వచ్చి కూర్చుంటుంది అంది. మొత్తం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఉన్నదంతా నా టెక్స్ట్‌బుక్కులోనూ ఉంది.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. అమ్మ మా దగ్గరే ఉంటుంది.

"నాన్నకి షుగర్ ఉండేదా అమ్మా?"

"మీ నాన్నకి షుగరేందిరా? ఆయన తీపి ముట్టేవాడే కాదు."

"దాహం వేసేదా?"

"ఆఖరి రెండేళ్ళూ మంచం పక్కన బిందెతో పెట్టేదాన్ని నీళ్ళు. తాగేది, లేచేది, తాగేది, లేచేది. వేడి చేసిందని మజ్జిగ పోసేదాన్ని." ఆమె కొంగు సవరించుకుంది. "మనిషి కూడా చానా సన్నబడ్డాడు. పొలం పనికి అనుకున్నాం."

అమ్మని ఏమని నిందిస్తాను? ఆవిడకి టెక్స్ట్‌బుక్కు లేదు.

నాకు షుగర్ వచ్చేలా ఉందని మా వీధిలో తెలిసిన రోజు నుంచీ మా ఇంట్లో వైద్యుల కొరత లేదు. ఎదురింటి అత్తయ్య పంచదార మాని బెల్లం తినమంది, బెల్లానికి షుగర్ రాదట. పక్కింటి రిటైర్డ్ తాసిల్దారు తేనె అన్నాడు. మా బావమరిది ఏదో చెక్కతో చేసిన గ్లాసు తెచ్చిచ్చాడు, దాంట్లో నీళ్ళు పోసి పొద్దున్నే తాగితే రోగం పారిపోతుందట. నేరేడు గింజల పొడి ఒకరు, మెంతులు ఒకరు, కాకర రసం ఒకరు. బయాలజీ మాస్టారు ఇవన్నీ వరసగా తాగాడు. చెక్క గ్లాసులో పోసుకుని మరీ తాగాడు. పొద్దున కాకర రసం తాగిన ధైర్యంతో మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. షుగర్ పేషెంట్ల బియ్యం అని ఒక సంచి కొన్నాడు. ఆ బియ్యాన్ని కూడా ఆయన కొండలాగే వడ్డించుకున్నాడు.

నడక కూడా మొదలుపెట్టాను. కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళ బృందం ఒకటి ఉంది. ఒకాయన షుగర్‌కి మందులేదంటాడు, ఇంకొకాయన షుగర్ అనేదే మందుల కంపెనీలు కల్పించిన అబద్ధమంటాడు. ఎవరికి టికెట్ వస్తుంది, ఎవరు ఏ పార్టీలోకి దూకుతారు అన్నది తేలడానికి ప్రతి చుట్టుకీ రెండుసార్లు ఆగాలి, ఎందుకంటే నడుస్తూ చెబితే రాజకీయానికి బరువుండదు. మూడు చుట్లయ్యాక బృందమంతా టిఫిన్ సెంటరుకి. నెయ్యి కారం దోసె, పైన రెండు ఇడ్లీ, ఆఖర్న టీ. "నడిచాం గదా, అరుగుద్దిలే" అనేది మా నినాదం. ఆ టిఫిన్ సెంటరు యజమాని మమ్మల్ని చూసి తెగ మురిసిపోయేవాడు. ఆ ఊళ్ళో మా నడక వల్ల బాగుపడింది ఆయన ఒక్కడే.

రెండు నెలల తర్వాత తూకం వేసుకుంటే కిలో పెరిగాను. డాక్టరమ్మ కాగితం చూసి, "ఏం చేశారు?" అంది. చెక్క గ్లాసు దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మధ్యలో చెయ్యెత్తి ఆపింది. "నేను చెప్పినవి కాకుండా మిగతావన్నీ చేశారు" అంది.

మా ఆవిడ ఆ రోజు నుంచి నాకు పిల్లల పళ్ళెంలో అన్నం పెట్టడం మొదలుపెట్టింది. కూర ముందు, అన్నం తర్వాత. నాకు కోపం వచ్చింది, అలిగాను, ఒక పూట తినకుండా స్కూలుకి వెళ్ళి మధ్యాహ్నం పిల్లల భోజనంలో రెండింతలు తిన్నాను. ఆ సంగతి వంటామె ద్వారా మా ఆవిడకి చేరింది. ఆ తర్వాత అలక మానేశాను. గ్రౌండ్ మాని ఒంటరిగా కాలువగట్టు మీద నడవడం మొదలుపెట్టాను. పక్కన ఎవరూ లేకపోతే ఆగడానికి కారణం దొరకదు.

ఇక చెల్లి సంగతి.

మా చెల్లి మొగుడు రైల్వేలో పనిచేస్తాడు. నడికుడిలో రైల్వే క్వార్టర్స్‌లో ఉంటారు. పదమూడేళ్ళ క్రితం అది కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో షుగర్ బయటపడింది. అప్పట్లో మా ఇంట్లో అది రోగమో నిందో ఎవరికీ అర్థం కాలేదు. బావ వాళ్ళమ్మ మూడు రోజులు మాతో మాట్లాడలేదు, పెళ్ళిచూపుల్లో మా పెదనాన్న చెప్పిన మాట ఆవిడకి గుర్తుంది. కానుపయింది. నాలుగు కిలోల పాప. బొద్దుగా ఉందని చూసినవాళ్ళంతా మురిసిపోయారు. తల్లికి షుగర్ ఎక్కువైతే బిడ్డ అలా పెరుగుతుందని ఆ గదిలో తెలిసినవాడు నేనొక్కణ్ణే, నేనూ మురిసిపోయాను.

ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రిలో ఒక చీటీ ఇచ్చారు. ఆరు వారాల తర్వాత గ్లూకోజు నీళ్ళు తాగించి మళ్ళీ పరీక్ష చెయ్యాలి, ఆ తర్వాత కూడా ఏటా చూపించుకోవాలి అని ఉంది అందులో. ఆరు వారాలయ్యాక చెల్లి ఆ చీటీ నా చేతికిచ్చి, "ఏం చెయ్యమంటావన్నయ్యా?" అని అడిగింది. బావ, వాళ్ళమ్మ, మా అమ్మ అందరూ నా వంక చూశారు. నేను కుర్చీలో వెనక్కి వాలి పాఠం చెప్పాను. మాయ, మాయలోని హార్మోన్లు, ఇన్సులిన్. మాయ పోయింది, రోగం పోయింది. "ఈ చీటీలు అందరికీ ఇస్తారులే" అన్నాను. బావ వాళ్ళమ్మ ముఖంలో వెలుగు వచ్చింది. ఆవిడే లేచి వెళ్ళి నాకు కాఫీ తెచ్చిచ్చింది. ఆ కాఫీ కోసమే చెప్పానేమో అని ఇప్పుడనిపిస్తుంది.

నేను చెప్పిన సైన్సులో సగం నిజమే. చాలామందికి కానుపు కాగానే మామూలుకి వస్తుంది. కానీ వచ్చిందో లేదో పరీక్ష చేస్తే గానీ తెలియదు, వచ్చినా రోగం మళ్ళీ తిరిగొచ్చే దారి తెలుసుకుని వెళ్ళినట్టే. ఆ రెండో సగం నేను చదవలేదు. అందుకే ఏఎన్ఎం చెప్పిన రోజున ఫోన్‌లో నోరు పెగల్లేదు. చెల్లిని పరీక్షకి వెళ్ళమంటే, నేను తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోవడానికి నాకు పది నెలలు పట్టింది.

ఆ పది నెలల్లో అది ఫోన్‌లో ఎన్నో చెప్పింది. ఒళ్ళు నీరసంగా ఉంటోందంది, దురదలంది, ఏడాదిలో రెండుసార్లు కళ్ళజోడు మార్చానంది. "వయసమ్మా" అన్నాను. దానికి ముప్పై తొమ్మిది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "అన్నయ్యా, సూదిలో దారం ఎక్కించలేకపోతన్నా. రెండు సూదులు కనబడతన్నాయి" అంది. ఫోన్ పెట్టేసి ఒక్క క్షణం కూర్చోలేకపోయాను. మేనత్త చూపు గుర్తొచ్చింది. చొక్కా వేసుకుని బస్టాండుకి వెళ్ళి, పిడుగురాళ్లలో బస్సు మారి, మధ్యాహ్నానికి నడికుడి చేరాను. వెళ్ళేసరికి నా చేతిలో ఏముందో తెలుసా? అర కిలో స్వీట్ల పొట్లం. చెల్లెలింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదు కదా. పిడుగురాళ్ల బస్టాండులో చెయ్యి దానంతటదే కొనేసింది.

చెల్లి పొట్లం తీసుకుని బల్ల మీద పెట్టింది. బావ డ్యూటీలో ఉన్నాడు. నేను నీళ్ళు తాగి, ఫ్యాన్ కింద కూర్చుని, చీటీ సంగతి చెప్పాను. నాకు రిపోర్టు ఏమొచ్చిందో చెప్పాను. ఏఎన్ఎం ఏమందో చెప్పాను. ఎప్పుడందో కూడా చెప్పాను.

"పది నెలల కిందటా?"

"అవును."

"మరి చెప్పలేదేం?"

అది గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది. చివరికి ఇటు తిరిగింది.

"నేను పరీక్షకి పోదామనే అనుకున్నా అన్నయ్యా అప్పుడు. చీటీ పర్సులో పెట్టుకుని రెడీ అయ్యా. నువ్వే గదా వద్దన్నది? డాక్టరు రాసింది ఒకటీ నువ్వు చెప్పింది ఒకటీ అయితే, నేను నీ మాటే విన్నా. మా అన్నయ్య సైన్సు మాస్టారని ఈ క్వార్టర్సంతా చెప్పుకున్నా."

"తప్పయిందమ్మా."

"తప్పయింది." అంది, నా మాటని తూకం వేస్తున్నట్టు. "సరే. రేపు పొద్దున పోదాం. టిఫిన్ చెయ్యకుండా పోవాల గదా?"

పరగడుపున రెండు వందల నలభై. బావ కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. మాత్రలు మొదలుపెట్టి, కళ్ళు చూపించడానికి గుంటూరు తీసుకెళ్ళాం. కంట్లో చుక్కల మందు వేసి, లైటు వేసి చూసి, కంటి డాక్టరు అన్నాడు: వెనక పొరలో చిన్న చిన్న రక్తపు మచ్చలున్నాయి. ఇవి నిన్నా మొన్నా వచ్చినవి కావు, షుగర్ ఏళ్ళ తరబడి ఉండి ఉంటుంది. ఇంకా చెయ్యి దాటలేదు. షుగర్ అదుపులో పెట్టి, చెప్పినప్పుడల్లా వస్తే చూపు నిలబడుతుంది. "ముందే ఎందుకు చూపించుకోలేదమ్మా?" అని అడిగాడు. చెల్లి నా వైపు చూడకుండా, "తెలియలేదండీ" అంది. నా పరువు కాపాడింది. అక్కడే కుర్చీలో నేను ఎంత కుంచించుకుపోయానంటే, అప్పుడు కొలిస్తే భాయ్ టేపుకి ముప్పై వచ్చేది.

తిరుగు ప్రయాణంలో రైల్లో, మాతో వచ్చిన మేనకోడలు కిటికీ పక్కన కూర్చుని కూల్‌డ్రింక్ సీసా మూత తిప్పుతోంది. పన్నెండు దాటి పదమూడు వచ్చిన పిల్ల. స్కూలు, ట్యూషను, ఫోను తప్ప ఒంటికి కదలిక లేదు. మెడ వెనక మడతల్లో చర్మం నల్లగా, మందంగా ఉంది. మురికని వాళ్ళమ్మ రోజూ పీచుతో రుద్దుతోందట. అది మురికి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదనడానికి గుర్తు కావచ్చని నాకు తెలుసు. ఈసారి తెలుసు. నోరు తెరిచి మూసుకున్నాను. చెల్లి అది కనిపెట్టింది.

"ఏంది, చెప్పు. దాని గురించే గదా?"

"దానికి కూడా ఓసారి పరీక్ష చేయిస్తే మంచిది. నీకు షుగర్ ఉన్నప్పుడు పుట్టింది. బరువుగా పుట్టింది."

"దానికే చెప్పు. నాకు చెప్పినట్టు కాదు. నిజం చెప్పు."

మేనకోడలు మా ఇద్దరి ముఖాలూ చూసింది. నేను చెప్పాను. హార్మోన్ల పాఠం కాదు. తాతకి పాదం ఎందుకు తీశారో, అమ్మ కంట్లో ఇందాక డాక్టరు ఏం చూశాడో, మామయ్య నడుము ఎంతో, ఇది వంశంలో ఉందని, వంశంలో ఉన్నంత మాత్రాన రావాలని లేదని. ఆటలాడాలి, తీపి నీళ్ళు తాగడం మానాలి, పొద్దుపోయేదాకా ఫోను చూడకుండా నిద్రపోవాలి అన్నాను. ఆ పిల్ల సీసా మూత బిగించి, "మరి ఇన్నాళ్ళూ నువ్వొచ్చినప్పుడల్లా నాకు స్వీట్లు ఎందుకు తెచ్చావు మామయ్యా?" అంది. ఎదురు సీట్లో ఉన్న పెద్దాయన నవ్వాడు. సత్తెనపల్లి దాటేదాకా నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇది జరిగి ఏడాది దాటింది. అద్భుతాలేమీ జరగలేదు. మేనకోడలికి పరీక్షలో హద్దులోపే వచ్చింది, కానీ హద్దుకి దగ్గరలో. ఇప్పుడు రైల్వే గ్రౌండ్‌లో బ్యాడ్మింటన్ ఆడుతోంది, వారంలో రెండు రోజులు ఎగ్గొడుతోంది. నేను నాలుగు కిలోలు తగ్గి, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒకటి తిరిగి సంపాదించుకున్నాను. మూడు నెలల సగటు ఐదు పాయింట్ ఎనిమిదికి దిగింది. టీ పంచదార లేకుండా తాగుతున్నాను, ఇంతవరకూ ఒక్క కప్పు కూడా బాగాలేదు. మా లెక్కల మాస్టారు ఇప్పటికీ పరీక్ష చేయించుకోలేదు. ఆయనకి ఈమధ్య దాహం ఎక్కువైంది. వేడి చేసిందంటాడు. వారానికోసారి ఆయన్ని ల్యాబ్‌కి రమ్మని పోరుతున్నాను, తప్పించుకుంటున్నాడు, నేనూ వదలడం లేదు.

చెల్లి మాత్రం మా అందరికంటే గట్టిది. పొద్దున్నే క్వార్టర్స్‌లోని ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని నడికుడి ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తుంది. గుంటూరు వైపు పోయే బండి వచ్చినప్పుడు జనాన్ని తప్పించుకుంటూ కూడా ఆగదట. మాత్ర మరవదు. ఆరు నెలలకోసారి కళ్ళు చూపించుకుంటుంది. మచ్చలు పెరగలేదు. మూడు నెలలకోసారి రిపోర్టు ఫోటో తీసి నాకు పంపుతుంది. దాని కింద ఒక్క అక్షరం రాయదు. నేను కూడా ఏమీ రాయను.

మొన్న పంపాక ఫోన్ చేసింది.

"చూశావా?"

"చూశా. పోయినసారి కంటే తగ్గింది."

"అది నాకు కనబడతంది. ఇంకేమన్నా చెప్పాలా?"

మాత్ర డోసు గురించి ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"డాక్టరుగారిని అడుగు" అన్నాను.

"అడిగే వచ్చాలే" అని ఫోన్ పెట్టేసింది.